స్విచ్ వేసినా తెరుచుకోని లాప్‌టాప్ – ఒక గుమస్తా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా ఎందుకు కలుసుకుంటామో మీకు తెలిసిందే. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను అనేది దయాధర్మం కాదని, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి, బకాయిల గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు వేదిక మీద ఉన్నారు. నాకు మాత్రం కార్యదర్శి గారు వేరే పని అప్పగించారు. "మాస్టారూ, లాప్‌టాప్ తెరుచుకోవడం లేదని మనవాళ్లు రోజూ మీ ఇంటికే వస్తున్నారట కదా. ఆ సంగతేదో అందరికీ ఒకేసారి చెప్పేయండి" అన్నారు.

ముందుగా ఒక మనవి. నేను ఇంజనీరును కాను. ఇరిగేషను శాఖలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. 36 ఏళ్లు తపాలు విప్పాను, ఫైళ్లు కుట్టాను. రిటైరైన తర్వాత పిల్లలు కొనిచ్చిన మిషను మీద నేర్చుకున్నదే నా చదువు. అయితే ఈ లాప్‌టాప్ విషయంలో నాకు ఉపయోగపడినవి రెండూ ఆఫీసులో నేర్చుకున్నవే. ఒకటి కాలువ గట్టు మీద లస్కర్ నేర్పింది. రెండోది రికార్డు రూములో వరద నేర్పింది.

లస్కర్ సంగతి ముందు చెబుతాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది మొదలు మన డెల్టాలో ఉన్న తగాదా ఒక్కటే, "మా శివారుకి నీళ్లు రావడం లేదు". రైతులు అర్జీ పట్టుకుని ఆఫీసుకి వచ్చేవారు. అర్జీ తీసుకున్న ఓవర్సీరు తిన్నగా శివారు పొలానికి వెళ్లి అక్కడ తవ్వించేవాడు కాదు. లస్కర్‌ని వెంటబెట్టుకుని పై నుంచి దిగేవాడు. హెడ్ స్లూయిజు దగ్గర నీళ్లున్నాయా? ఉన్నాయి. లాకుల దగ్గర? ఉన్నాయి. తూము దగ్గర? ఉన్నాయి. పంట బోదెలో? లేవు. అంటే అడ్డు తూముకీ బోదెకీ మధ్యనే ఉందన్నమాట. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

లాప్‌టాప్ కూడా అంతే. మనం స్విచ్ నొక్కగానే పని ఒక్కసారిగా జరగదు, అంచెలంచెలుగా జరుగుతుంది. ముందు కరెంటు రావాలి. తర్వాత తెర వెలగాలి. తర్వాత మిషను తన డిస్కును, అంటే మన కాగితాలన్నీ ఉండే బీరువాను, కనుక్కోవాలి. ఆ బీరువాలోంచి విండోస్ అనే యంత్రాంగాన్ని బయటికి తీసి నడపాలి. ఆఖరున మన పేరు, మన ఫైళ్లు కనబడాలి. "లాప్‌టాప్ పాడైపోయింది" అని నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న, "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని. రెండో ప్రశ్న, "ఆఖరుసారి బాగా పనిచేసిన తర్వాత ఏం చేశారు?" అని. ఈ రెండింటికీ జవాబు ఒక కాగితం మీద రాసుకుని వస్తే బాగుచేసేవాడి పనీ తగ్గుతుంది, మన డబ్బూ మిగులుతుంది.

ఇప్పుడు ఒక్కొక్క అంచే చూద్దాం.

మొదటిది కరెంటు. లైటు వెలగదు, ఫ్యాను చప్పుడు ఉండదు. అప్పుడు మిషనును అనుమానించకండి, గోడను అనుమానించండి. ఎక్స్‌టెన్షను బోర్డు తీసేసి తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టండి. ఆ ప్లగ్గులో సెల్ ఛార్జరు పెడితే పనిచేస్తోందో లేదో చూడండి. అప్పటికీ రాకపోతే ఛార్జరు ఊడదీసి, బ్యాటరీ తీయడానికి వీలున్న పాత మోడలైతే అదీ తీసి, స్విచ్‌ను అరనిమిషం పాటు గట్టిగా నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. మళ్లీ ఛార్జరు పెట్టి చూడండి. చాలాసార్లు దీనితోనే లేచి కూర్చుంటుంది. మా వీధిలో రెండు మిషన్లు ఇలాగే బతికాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కాఫీయో నీళ్లో ఒలికితే, "పనిచేస్తోందా లేదా" అని స్విచ్ వేసి చూడకండి. వెంటనే ఆపి, ఛార్జరు తీసి, మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్లండి. రెండోది, మిషను అడుగు భాగం గాని, వేలితో రాసే పలక గాని ఉబ్బెత్తుగా లేచిందంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగు పెట్టకూడదు. అది నిప్పుతో చెలగాటం.

రెండో అంచె తెర. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ లేదు. గది చీకటి చేసి, టార్చిలైటు తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. మసకగా అక్షరాలు కనబడితే మిషను బాగానే ఉంది, తెర వెనక వెలుగు పోయింది. ఇంట్లో టీవీ ఉంటే వైరుతో కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే మీ కాగితాలన్నీ క్షేమం. స్విచ్ వేయగానే కుయ్ కుయ్ మని కూతలు వస్తే ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాసుకోండి. ఆ లెక్కకు ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం ఉంటుంది, మెకానిక్కుకి అది పనికొస్తుంది.

మూడో అంచె డిస్కు. కంపెనీ గుర్తు కనబడి అక్కడే ఆగిపోతుంది, లేదా నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో "డిస్కు దొరకలేదు" అని ఇంగ్లీషులో రాస్తుంది. చాలామంది ఇక్కడే గుండె చేత్తో పట్టుకుంటారు. ముందు మిషనుకి పక్కన గుచ్చినవన్నీ పీకేయండి. పెన్‌డ్రైవు, మౌసు, ప్రింటరు వైరు, అన్నీ. కొన్ని మిషన్లు పక్కన పెన్‌డ్రైవు ఉంటే విండోస్ అందులో ఉందేమోనని దాన్నే వెతుకుతూ కూర్చుంటాయి. మన సభ్యుల్లో ఒకాయన మనవడి పెళ్లి ఫొటోల పెన్‌డ్రైవు మర్చిపోయి వారం రోజులు బెంగపెట్టుకున్నారు. పీకగానే తెరుచుకుంది. ఆయన ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను.

నాలుగో అంచె విండోస్. గుండ్రంగా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి, లేదా నీలం తెర మీద అక్షరాలు వస్తాయి. చుక్కలు తిరుగుతూ, అప్‌డేటు జరుగుతోందని శాతం చూపిస్తుంటే గంట పట్టినా ఓపిక పట్టండి. మధ్యలో ఆపితే తిప్పలు మనవే. నీలం తెర వస్తే అందులోని మాటలను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. విండోస్ వరసగా రెండు మూడుసార్లు తెరుచుకోలేకపోతే దానంతటదే మరమ్మతు పేజీ చూపిస్తుంది. అందులో "ట్రబుల్‌షూట్" లోకి, అక్కడి నుంచి "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళితే "స్టార్టప్ రిపేర్" అని ఉంటుంది. ముందు అది ప్రయత్నించండి. కొత్త అప్‌డేటు పడిన తర్వాతే తేడా వచ్చిందనుకుంటే ఆ అప్‌డేటు తీసేసే దారి కూడా అక్కడే ఉంటుంది. "సేఫ్ మోడ్" అని ఇంకొకటి ఉంది. అత్యవసరమైన సిబ్బందితో మాత్రమే ఆఫీసు తెరవడం లాంటిది. సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటే, తర్వాత చేర్చిన ప్రోగ్రామేదో అడ్డుపడుతోందని అనుకోవచ్చు.

ఇది మనలాంటి ముసలివాళ్ల అవస్థ మాత్రమే అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చేతిరాత బాగున్న గుమస్తాలకు మళ్లీ రోజులొచ్చాయని మేము నవ్వుకున్నాం. ఇంత గొడవకీ విరుగుడేమిటంటే, చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క మిషను దగ్గరా కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలూ తీసేయడం. ఎక్కడ ఆగిందో చూసి, అడ్డు తీయడం. మన లస్కర్ పద్ధతే.

ఇక ఆ మరమ్మతు పేజీలోనే "రీసెట్" అనే మాట కనబడుతుంది. అది నొక్కితే మళ్లీ రెండు దారులు. ఒకటి మన ఫైళ్లు ఉంచుతుంది. రెండోది అన్నీ తుడిచేస్తుంది. కాగితాలకు కాపీ లేకుండా ఈ గుమ్మం తొక్కకండి. దీని గురించే నా సొంత అనుభవం చెప్పాలి. చెప్పడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

మా ఆవిడ కాలం చేసి నాలుగేళ్లయింది. ఆవిడది ఆత్రేయపురం వైపు. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి కోసం, పోయే ముందు ఏడాది ఆవిడ ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడి రికార్డు చేసింది. ఆవకాయ కొలతలు, పూతరేకుకి పిండి ఎంత పల్చగా ఉండాలో, మంగళహారతులు, మా పెళ్లి నాటి సంగతులు. మొత్తం పదకొండు. నేను అప్పుడప్పుడు మధ్యాహ్నం వేళ పెట్టుకుని వింటూ ఉండేవాణ్ణి.

ఒక కార్తీకమాసం పొద్దున్న స్విచ్ వేస్తే తెల్లటి అక్షరాలు వచ్చాయి. అన్నీ పీకాను. మార్పు లేదు. ఒక షాపుకి పట్టుకెళ్లాను. ఆ అబ్బాయి రెండు నిమిషాలు చూసి, "డిస్కు పోయిందండి, కొత్తది వేసి విండోస్ ఎక్కించేస్తాను, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు. "పాత దాంట్లో ఉన్నవి?" అన్నాను. "ఇంకేం ఉంటాయండి" అన్నాడు. అతనికి అది డిస్కు. నేను సరేనని చెప్పేవాణ్ణే. నోట మాట రాక, రేపు వస్తానని మిషను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మా వీధిలో పాలిటెక్నిక్ చదివిన ఒక అమ్మాయి ఉంది. సాయంత్రం వచ్చి నేల మీద కూర్చుని, "తాతగారూ, ఆఖరుసారి బాగా పనిచేసింది ఎప్పుడండీ? అప్పటికే నెమ్మదించిందా? లోపల టిక్కు టిక్కు మని చప్పుడేమన్నా వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది. రెండు నెలలుగా వస్తోంది. నేను పట్టించుకోలేదు. ఆ అమ్మాయి మిషను మొదటి పేజీ తెరిచి చూసింది. డిస్కు పేరు ఒకసారి కనబడింది, మరోసారి కనబడలేదు. "ఇది కొనప్రాణంతో ఉంది తాతగారూ. ఇంక స్విచ్ వేయకండి. వేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది" అంది. మరుసటి రోజు డిస్కు ఊడదీసి, ఒక చిన్న పెట్టెలో అమర్చి, తన లాప్‌టాప్‌కి తగిలించింది. "ముందు ఏది కావాలి?" అని అడిగింది. చెప్పాను.

పదకొండులో తొమ్మిది వచ్చాయి. పదోది మా అమ్మాయి పాత ఫోనులో దొరికింది. పదకొండోది రాలేదు. అందులో మా ఆవిడ మా పెళ్లి నాటి సంగతులు చెప్పింది.

ఇప్పుడు రికార్డు రూము సంగతి. 1986 ఆగస్టు వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను అప్పుడు పనిచేస్తున్న సబ్ డివిజను ఆఫీసులోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక వరండాలో ఫైళ్లు ఎండబెట్టాం. చాలావాటి మీద సిరా కొట్టుకుపోయింది. అయినా సగానికి పైగా మళ్లీ తయారుచేయగలిగాం. ఎందుకంటే ప్రతి ఉత్తరానికీ ఓ.సి. ఉండేది. మన దగ్గర పోయినది డివిజను ఆఫీసులో ఉండేది. ఓ.సి. లేకుండా ఉత్తరం బయటికి పంపితే మా సూపరింటెండెంటు గారు ఊరుకునేవారు కాదు.

ఆ లాప్‌టాప్‌లోనే మన సంఘం సభ్యుల బకాయిల స్టేట్‌మెంట్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పోలేదు. ప్రతిదీ ప్రింటు తీసి ఫైలు కుట్టి ఉంచాను, చేతి అలవాటు. 36 ఏళ్లు సర్కారు కాగితాలకు ఓ.సి. ఉంచినవాణ్ణి, మా ఆవిడ గొంతుకి ఉంచలేదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను.

కాబట్టి నా మనవి. మీకు పోకూడదనిపించినవి మూడు చోట్ల ఉంచండి. ఒకటి మిషనులో. రెండోది బయట తగిలించే డిస్కులో, పని అవగానే ఊడదీసి బీరువాలో పెట్టండి. మూడోది మరో ఊళ్లో, కొడుకు దగ్గరో కూతురి దగ్గరో, లేదా ఇంటర్నెట్ ఖాతాలోనో. పెన్‌డ్రైవు ఒక్కదాన్నే నమ్ముకోకండి. పెన్షను పడిన రోజునే ఈ పని చేయండి, మర్చిపోరు. కాపీ చేశాక ఒకటి తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీ కాదు.

ఇంకొన్ని ముక్కలు చెప్పి ముగిస్తాను.

కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. మరమ్మతు తర్వాత గాని, ఏదైనా పెద్ద మార్పు తర్వాత గాని, నీలం తెర మీద 48 అంకెల సంఖ్య అడగవచ్చు. అది లేకపోతే డిస్కు ఊడదీసి వేరే మిషనుకి తగిలించినా ఫైళ్లు రావు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. మిషను బాగున్నప్పుడే పిల్లల చేత తీయించి, పి.పి.ఓ. పుస్తకం ఉన్న కవరులో పెట్టుకోండి. నా పాత మిషనుకి ఆ తాళం లేకపోబట్టి బతికిపోయాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ పేరు చెప్పి "ఇంక మీ మిషను తెరుచుకోదు, కొత్తది కొనండి" అనేవాళ్లున్నారు. తెరుచుకుంటుంది. భద్రత విషయంలో మాత్రం పిల్లలతో మాట్లాడి ఏర్పాటు చేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది. తెర మీద ఎర్రటి అక్షరాలతో "మీ కంప్యూటరు ఆగిపోయింది, ఈ నంబరుకి ఫోను చేయండి" అని వస్తే చేయకండి. అసలైన మరమ్మతు పేజీ అలా ఫోను నంబరిచ్చి పిలవదు. ఫోను చేస్తే ఇంకో ప్రోగ్రాము ఎక్కించమంటారు, ఓ.టి.పి. అడుగుతారు, ఖాతా ఊడ్చేస్తారు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

లాప్‌టాప్ మూలపడిందని పెన్షను ఆగుతుందేమోనన్న భయం కూడా వద్దు. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వేలిముద్రతో మొదలైంది. 2021 నవంబరు నుంచి సెల్‌ఫోనులో ముఖం చూపించి కూడా ఇచ్చే సౌకర్యం వచ్చింది. మీ ట్రెజరీ గాని, బ్యాంకు గాని చెప్పిన గడువు మాత్రం మర్చిపోకండి.

మిషనుది ఏముందండి, ఇవాళ కాకపోతే రేపు కొత్తది వస్తుంది. మీలో ఎవరింట్లోనైనా, ఎవరి గొంతయినా, ఎవరి ఫొటో అయినా ఒకే ఒక్క మిషనులో ఉంటే, ఈ సభ నుంచి వెళ్లి భోజనం చేసి, కునుకు తీయకముందే దానికి ఓ.సి. తీయండి. ఎలా తీయాలో తెలియకపోతే మా ఇంటికి రండి. నేనూ ఉంటాను, మా వీధి అమ్మాయీ ఉంటుంది. కాఫీ కూడా ఇస్తాం, మిషనుకి దూరంగా కూర్చుని తాగాలి, అంతే.